ఈతచెట్టు కింద పాకం కాస్తే ఏమంటారు?

చాలా రోజులైంది రాసి. రిలీజు, ఆ రిలీజులో బగ్గులు, ఆ బగ్గులకు పెట్టిన ప్యాచ్‌లలో మళ్ళీ బగ్గులు... మీకు తెలియనిది కాదు. ఈసారి కోడింగు గురించి కాదు, రిజర్వేషన్ల గురించి అంతకంటే కాదు. చెట్ల రసం కాచి పాకం చేసుకోవడం గురించి. నవ్వకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్నామధ్య హైదరాబాదులో ఓ సూపర్ మార్కెట్లో మా ఆవిడ ఒక చిన్న సీసా చేతికిచ్చి "దీని రేటు చూడండి" అంది. మేపుల్ సిరప్, పావులీటరు, ఆరువందల చిల్లర. పిల్లలకు పాన్‌కేకుల మీద అది పోస్తే తప్ప ముద్ద దిగదు. (మేం జొన్నరొట్టె మీద బెల్లం నీళ్ళు పోసుకుని తిన్నవాళ్ళం. సర్లే, ఆ పాట మళ్ళీ ఎప్పుడైనా.) సీసా బుట్టలో వేశాను గానీ ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. అమెరికా చెట్టు రసం కాచి సీసాలో పోస్తే పావులీటరు ఆరువందలు. మా కోయిలకుంట్లలో వంకల పక్కన వరసగా నిలబడ్డ ఈతచెట్లలో దానికి ఐదారింతలు తీపి ఉన్న రసం వస్తుంది. దాన్ని కాచి సీసాలో పోసినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎందుకని?

కోయిలకుంట్ల తెలియనివాళ్ళకు: నంద్యాల నుంచి జమ్మలమడుగు వైపు పోతుంటే వస్తుంది. పాత కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసింది ఇక్కడే. సినిమా వచ్చాక కొంతమందికి తెలిసింది గానీ, అంతకుముందు మా ఊరి పేరు చెబితే "కోయిలలు ఉంటాయా" అని అడిగేవాళ్ళు. నల్లరేగడి, శనగ, జొన్న, పక్కన కుందూ. వానలు తక్కువ. ఆ తక్కువ వానకు, ఉప్పు నేలకు, ఎవడూ నీళ్ళు పోయకపోయినా బతికే చెట్టు ఈత.

ఈ పిచ్చి నాకు పట్టింది మాత్రం ఊళ్ళో కాదు, మిన్నెసోటాలో. 2012లో ప్రాజెక్టు మీద మినియాపోలిస్‌లో ఉన్నాను. నా టీములో ఒక తెల్లాయన ప్రతి మార్చిలో ఇంటి వెనక చెట్లకు బెజ్జాలు పెట్టి, గొట్టాలు బిగించి, బకెట్లు తగిలించేవాడు. మేపుల్ అంటే అందరికీ తెలిసిన షుగర్ మేపుల్ కాదు, ఆయన పెరట్లో ఉన్నది బాక్స్ ఎల్డర్. అది కూడా మేపుల్ జాతిదే, కానీ ఆకు చూస్తే మేపుల్ అని ఎవరూ అనుకోరు. అక్కడివాళ్ళకు అది కలుపుమొక్కతో సమానం, మనకు తుమ్మచెట్టు ఎలాగో అలాగ. "పనికిరాని చెట్టు అంటారు, పాకం మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది" అనేవాడు. ఆయన చెల్లెలు ఒకామె బ్లాక్ వాల్‌నట్ చెట్టు రసం కూడా కాచేది. అందులో పెక్టిన్ ఎక్కువ, జామ్ గడ్డకట్టడానికి కారణమైన పదార్థం అదే. వడకట్టే గుడ్డ జిగురు పట్టి మూసుకుపోయేదట. అలాస్కాలో బర్చ్ చెట్ల రసం కాస్తారని, దానికి వంద లీటర్లు పోస్తే ఒక లీటరు పాకం వస్తుందని కూడా ఆయన దగ్గరే విన్నాను.

అక్కడ ఒక లెక్క ఉంది, మన జనాలకు నచ్చే లెక్క. 86ను రసంలో ఉన్న చక్కెర శాతంతో భాగించండి. అన్ని లీటర్ల రసానికి ఒక లీటరు పాకం. షుగర్ మేపుల్‌లో 2 శాతం, అంటే 43 లీటర్లు. ఆయన బాక్స్ ఎల్డర్‌లో బ్రిక్స్ మీటరు 1.5 చూపించింది, అంటే 57 లీటర్లు. నాకు ఆయన ఓ ముప్పై లీటర్లు ఇచ్చాడు, ఉత్సాహం కొద్దీ అపార్ట్‌మెంట్ వంటింట్లో కాచాను. రెండు రాత్రులు పట్టింది. అరలీటరు పాకం వచ్చింది, గోడకు అంటించిన కాగితం ఆవిరికి ఊడివచ్చింది, డిపాజిట్‌లో కోత పడింది. లీటరుకు లెక్కేస్తే ఇప్పటిదాకా నేను కొన్న తిండి పదార్థాల్లో అదే అన్నింటికంటే ఖరీదైంది :)

సరే, అసలు సంగతికి వద్దాం.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, మా చేను పక్కన ఈతచెట్లు గీసే మామ దగ్గరికి వెళ్ళాను. మామ అంటే చుట్టం కాదు, ఊరి వరస. వాళ్ళ నాయన మా అబ్బకు కల్లు పోసేవాడు, ఈయన మా నాయనకు పోశాడు, నేను మాత్రం బెంగళూరులో బీరు తాగి ఆ గొలుసు తెంపాను. అమెరికాలో చెట్టు రసం కాచానని చెబితే మామ గీతకత్తి నూరుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఏమప్పా అల్లుడా, ఆడ గూడ గీస్తారా చెట్లు?"

"గీయరు మామా. మొద్దుకు బెజ్జం పెడ్తారు."

"బెజ్జం పెడ్తే చెట్టు సావదా?"

మంచి ప్రశ్న. నేను ఇంజనీరింగ్ చదివినా నాకు రాని ప్రశ్న. మేపుల్‌లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే చలి వల్ల మానులోనే ఒత్తిడి పుడుతుంది. వేళ్ళ నుంచి నీళ్ళు పైకి ఎక్కే దారిలోకే మనం బెజ్జం పెడుతున్నాం. ఈతలో అది కుదరదు. ఆకులు తయారుచేసిన చక్కెర కిందికి దిగే దారి వేరు, ఆ దారిని తెగ్గొడితేనే తీపి వస్తుంది. అందుకే మొవ్వు కింద లేతగా ఉన్న చోట కమ్మలు కొట్టి, చర్మం తీసినట్టు పల్చగా చెక్కి, రసం ఒక్క చోటికి జారేటట్టు చేసి కుండ కడతారు. లోతుగా చెక్కితే మొవ్వు పోతుంది, మొవ్వు పోతే చెట్టు పోతుంది. కొబ్బరి, తాటి అయితే పూలగెలలను గీస్తారు, ఈతకు మాత్రం మానునే గీయాలి. అందుకే ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటి ఏడు ఆ పక్క గీస్తారు. ముదురు చెట్టు చూడండి, మాను నిండా అటొకటి ఇటొకటి మెట్లు మెట్లుగా గంట్లు ఉంటాయి. లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది. చెట్టే తన లాగ్ ఫైలు రాసుకుంది. మామ చూపించిన ఒక చెట్టుకు పందొమ్మిది గంట్లు లెక్కపెట్టాను. పైన ఏడు వాళ్ళ నాయన చేతివి కావని, కింద ఏడు వాళ్ళ నాయనవని మామ చెప్పాడు. పైకి పెరిగే కొద్దీ గంట్లు కొత్తవి కదా, నేను మొదట తిరగేసి అర్థం చేసుకున్నాను.

మొదటిసారి పొద్దున ఎనిమిదింటికి పోయి ఐదు లీటర్లు తెచ్చి అవ్వ పాత బాణలిలో పోసి కాచాను. బ్రహ్మాండంగా నురగ వచ్చింది. దగ్గరపడ్డాక నోట్లో వేసుకుంటే పులుపు. చింతపండు పులుసులో బెల్లం ఎక్కువైనట్టు. అవ్వ ఒక చుక్క నాకి "ఇది పాకం కాదురా, పచ్చిపులుసు" అంది. తీపి కల్లు దింపిన గంట నుంచే పులియడం మొదలవుతుంది, ఎండ తగిలితే ఇంకా తొందర. నేను ఎనిమిదింటికి తెచ్చింది అప్పటికే సగం కల్లు.

రెండోసారి మామ కుండలకు లోపల సున్నం పూశాడు. సున్నానికి రసం పులియదు, ఈ సంగతి నీరా అమ్మే ప్రతివాడికీ తెలుసు. కానీ సున్నం ఎక్కువైతే పాకం నల్లబడి నాలుకకు చేదు తగులుతుంది. పెద్ద ఎత్తున చేసేవాళ్ళు ఆ సున్నాన్ని తర్వాత తీసేస్తారు, మనకు ఆ యంత్రాంగం లేదు. పైగా ఆరోజు క్లయింట్ కాల్ వచ్చింది. చివరి పది నిమిషాల్లో బాణలి వదిలి పోతే ఏమవుతుందో ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళెవరినైనా అడగండి. బాణలి ఇంకా మా పెరట్లో నానుతూనే ఉంది.

మూడోసారి మామే చెప్పాడు. "సున్నం వద్దులే. కుండలు కడిగి, ఎండబెట్టి, లోపల పొగబెట్టి కడతా. నువ్వు నాలుగున్నరకు రా. ఆలస్యమైతే నేనే తాగేస్తా." బెంగాల్లో ఇదే చెట్టును గీసేవాళ్ళు కూడా కుండలకు పొగే పెడతారని తర్వాత చదివాను. ఆ చీకట్లో, ఆ చలిలో మామ చెట్టెక్కి దిగుతుంటే కింద టార్చి పట్టుకోవడం ఒక్కటే నా పని. ఐదు చెట్లకు పది లీటర్లు. మీటరు పెడితే 12. ఐదింటికల్లా పొయ్యి మీద ఉంది.

86ను 12తో భాగిస్తే ఏడు చిల్లర. పది లీటర్లకు ఒక లీటరు నాలుగువందల మిల్లీలీటర్లు రావాలి, దాదాపు అంతే వచ్చింది. ఎప్పుడు దించాలనేదానికి అమెరికావాళ్ళ కొలత ఒకటి ఉంది. ముందు ఉత్త నీళ్ళు కాచి ఏ డిగ్రీ దగ్గర మరుగుతాయో చూసుకోవాలి, దానికి 4 డిగ్రీలు కలిపి అక్కడ దించాలి. అవ్వ కొలత ఏమిటంటే, గరిటె ఎత్తితే చుక్కలు చుక్కలుగా కాక పలకలా జారాలి, తీగపాకానికి ఒక్క అడుగు ముందు. రెండూ ఒకే నిమిషంలో కలిశాయి. థర్మామీటరు పదిహేనువందలు పెట్టి కొన్నాను, గరిటె ఇంట్లోదే.

రుచి ఎలా ఉందంటే... బెల్లం కాదు, తేనె కాదు. కొంచెం పొగ వాసన, కొంచెం వేగిన శనగల వాసన, ఆఖర్న ఈతపండు. భక్ష్యాల మీద నెయ్యితో పాటు పోసుకుంటే, మా నాయన (షుగరు ఉంది) రెండో భక్ష్యం కోసం అమ్మ అటు తిరిగేదాకా ఎదురుచూశాడు. ఇక్కడే ఒక మాట. తాటి బెల్లం, ఈత బెల్లం షుగరు ఉన్నవాళ్ళకు మంచిదని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఇది ముక్కాలుభాగం పైన చక్కెరే, అదీ మామూలు చెరుకు చక్కెర జాతి సుక్రోజే. మందని చెప్పి అమ్మేవాళ్ళను నమ్మకండి. తీపిగా ఉంది కాబట్టి తినండి, చాలు.

ఇంకో జాగ్రత్త కూడా. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి నిపా వైరస్ జ్వరాలు వస్తున్నాయి. అందులో చాలావాటికి పచ్చి ఈతరసమే కారణమని తేల్చారు, రాత్రిపూట గబ్బిలాలు వచ్చి ఆ గీతను నాకుతాయి, కుండలో ఉచ్చ పోస్తాయి. అక్కడ వెదురు తడికలు కట్టి గీతను, కుండను కప్పడం నేర్పుతున్నారు. మామకు చెబితే "గబ్బిలాలు మాకు తెల్వవా" అని గోనెసంచి ముక్క కట్టాడు. గంటలకొద్దీ మరిగే పాకానికి ఆ భయం లేదు.

ఇప్పుడు నా అసలు బాధ.

ఇంత తీపి చెట్టు ఉండి, ఇంత బాగా వచ్చే పాకం ఉండి, మనం ఎందుకు చేయం? బెంగాల్లో ఇదే ఈతచెట్టు రసంతో చలికాలం పొడుగునా నొలెన్ గుడ్ చేస్తారు, దాని మెత్తటి పాకాన్ని ఝోలా గుడ్ అని సీసాల్లో, కుండల్లో అమ్ముతారు. జయనగర్ మోవా అనే మిఠాయి దాంతోనే చేస్తారు, దానికి 2015లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. శ్రీలంకలో జీలుగుచెట్టు రసం కాచి కితుల్ పాకం అమ్ముతారు. మన రంపచోడవరం, అరకు వైపు అదే జీలుగుచెట్టు ఉంది, అక్కడ జీలుగు కల్లు తప్ప ఇంకేం వినలేదు. కంబోడియాలో కంపాంగ్ స్పూ తాటి చక్కెరకు 2010లోనే జీఐ తెచ్చుకున్నారు. తమిళనాడు ఉడన్‌గుడి కరుపట్టికి 2023లో. చెట్టు ఒకటే, రసం ఒకటే. మన దగ్గర మాత్రం తాటి, ఈత అనగానే మొహం అదోలా పెడతాం.

మన సామెత ఉంది కదా, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని. దీన్ని చిన్నప్పుడు మంచి నడవడి గురించిన సామెత అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇది ఎక్సైజు శాఖ సిద్ధాంతంలా ఉంది. 1968 నాటి మన ఎక్సైజు చట్టం చూపు ముందు చెట్టు మీద పడుతుంది. లైసెన్సు లేకుండా గీయకూడదు. మామకు లైసెన్సు ఉంది, సొసైటీ ఉంది. కల్లీ అమ్మే కల్తీగాళ్ళ మీద ఆ చూపు ఉండాల్సిందే, కాదనను. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కానీ పాకం కాచుకోవడానికి ఏ కాగితం కావాలో తెలుసుకుందామని ఒక ఆఫీసుకు పోతే, అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూసి "కల్లు అమ్ముకుంటానంటే చెప్పండి సార్, దానికి పద్ధతి ఉంది. బెల్లానికి నా దగ్గర ఫారం లేదు" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, లేని ఫారం ఎక్కణ్ణించి తెస్తాడు? బయటికొచ్చాక నాకే నవ్వొచ్చింది. పులియబెడితే పద్ధతి ఉంది, పులియకుండా కాపాడితే లేదు.

ఎప్పుడూ ఇంతేనా అంటే కాదు. 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం పెట్టి, 1938లో దాన్ని మన పక్క కడప జిల్లాకు, చిత్తూరుకు తెచ్చినప్పుడు, గీతపని పోయినవాళ్ళకు తీపి కల్లు దింపి బెల్లం కాచుకోమని దారి చూపించారు. తాటిబెల్లం సొసైటీలు పెట్టారు. గాంధీగారికి తాటిబెల్లం అంటే ఇష్టమైన విషయం, గజానన్ నాయక్ అనే ఆయన దీని మీదే జీవితం పెట్టాడు. తర్వాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ జాబితాలో కూడా తాటిబెల్లం చేరింది. నిషేధం సడలగానే బెల్లం మాట వెనక్కి పోయింది. 1995లో ఎన్టీఆర్ మళ్ళీ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో సడలించారు. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. మన వైపు పందిరిమామిడి పరిశోధన కేంద్రంలో తాటి మీద, నీరా మీద ఏళ్ళుగా పని జరుగుతోంది. అంటే తెలియక కాదు.

నేను కూడా మొదట మనవాళ్ళందరిలాగే ఆలోచించాను. బ్రాండు పేరు అనుకున్నాను, సీసా మీద లేబుల్ ఎలా ఉండాలో కూడా మా టీములో ఒకడితో మాట్లాడాను. ఎక్సెల్ షీటు వేశాను. పది లీటర్ల రసం, కల్లు రేటుకే కొంటే (మా ఊళ్ళో సీసా ముప్పై) నాలుగువందల యాభై. ఎనిమిదిన్నర కిలోల నీళ్ళు ఆవిరి చేయడానికి గ్యాసు సుమారు కిలో, అరవై అనుకోండి. లీటరు పాకానికి మూడువందల అరవై పడింది. సూపర్ మార్కెట్లో మేపుల్ లీటరు రెండువేల పైన. మధ్యలో ఉన్న తేడా చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున మామకు ఆ లెక్క చెప్పాను. "కల్లు రేటే ఇస్తా మామా, మొత్తం నేనే కొంటా."

మామ నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్లోడు లెక్క తప్పు చెబితే నవ్వినట్టు.

"అల్లుడా, కల్లుకైతే కుండ ఊరికే కడిగి కడ్తా. పొద్దెక్కినాక దింపుతా. దానంతట అది పులుస్తది, నేనేం జేసేది లేదు. నీ పాకానికి కుండకు పొగబెట్టాల, నాలుగింటికి లేసి చీకట్లో ఎక్కాల. ఆ ముసలోళ్ళు ఐదుమంది రోజూ నాకాడికే వస్తారు. నువ్వు సంక్రాంతికొచ్చి పది దినాలు కొంటివి, వాళ్ళు వేరే తావుకు పోయిరి. నువ్వు పోయినాక వాళ్ళు మళ్ళొస్తారా?"

నా ఎక్సెల్ షీటులో ఈ కాలమ్ లేదు.

ఆలోచిస్తే నీరా ప్రచారాల్లో కూడా ఈ కాలమ్ ఉండదు. కల్లు పులియడం అనేది ఊరికే వచ్చే సేవ. గాలిలో ఉన్న ఈస్టు పనిచేస్తుంది, జీతం అడగదు. పులియకుండా ఆపడమే ఖర్చు. సున్నం, పొగ, చీకట్లో ఎక్కడం, వంటచెరుకు, నీరా అయితే ఐసు, చల్లటి బండి. ఈ ఖర్చంతా గీసేవాడి నెత్తిన వేసి, "ఆరోగ్య పానీయం చేసుకోండి, ఆదాయం పెరుగుతుంది" అని మీటింగులో చెప్పడం తేలిక. ఆయన చెట్టు ఎక్కుతాడు, మనం ఉపన్యాసం ఎక్కుతాం. పైగా బెంగాల్లో మంచి బెల్లానికి చెట్టును కొన్ని రోజులు ఆపి, ఆ విశ్రాంతి తర్వాత వచ్చిన మొదటి రాత్రి రసమే తీసుకుంటారు. జిరెన్ అంటారు దాన్ని. ఆ ఆపిన రోజులకు కూలి ఎవరిస్తారు?

కాబట్టి నా అభిప్రాయం మారింది. లీటరు లెక్కన కొనడం తప్పు. చెట్టు లెక్కన, సీజను మొత్తానికి, ముందే డబ్బు ఇవ్వాలి. మామిడితోట కాపుకు గుత్త మాట్లాడుకుంటాం చూడండి, అలాగ. రసం తక్కువొచ్చినా, ఒకరోజు ముసురు పట్టి పాడైనా, ఆ నష్టం కొనేవాడిది. సాఫ్ట్‌వేర్‌లో మనం ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టు అంటే ఎంత ఏడుస్తామో గుర్తు తెచ్చుకోండి. రిక్వైర్‌మెంట్లు వాళ్ళవి, రిస్కు మనది అని. అదే పని మనం చెట్టెక్కేవాడికి చేస్తున్నాం.

ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్దదేం కాదు నా దృష్టిలో. ఫలానా చెట్లు ఈ సీజనుకు పాకానికి, బెల్లానికి అని రాసుకునే ఒక ఫారం, ఒక వరస. కొత్త కార్పొరేషన్ వద్దు, దానికో చైర్మన్ వద్దు, బొమ్మతో ఫ్లెక్సీ అసలే వద్దు.

మీలో కొందరు అడుగుతారని తెలుసు, "కులవృత్తిలోనే ఉండమంటావా వాళ్ళను?" అని. అనను. మామ కొడుకు నంద్యాలలో మొబైల్ షాపులో చేస్తున్నాడు, ఆ అబ్బాయి చెట్టెక్కను అంటే నాకు ఒక్క మాట అనే హక్కు లేదు. నేను మా నాయన మడక పట్టానా? ఈతచెట్టు పొట్టిదే గానీ, కమ్మ మొదట్లో ముళ్ళు వేలంత పొడవుంటాయి, మామ ముంజేతులు చూస్తే తెలుస్తుంది. పనిలో అంత కష్టం ఉన్నప్పుడు కూలి ఆ కష్టానికి తగ్గట్టు ఉంటే ఎవరో ఒకరు చేస్తారు, ఏ కులమైనా. లేకపోతే చెట్లే పోతాయి. మా చేను దగ్గరే పోయినేడు గట్టు చదును చేస్తూ జేసీబీతో ఎనిమిది లేపేశారు. చేను మాదే. జేసీబీ పిలిచింది మా చిన్నాయన. నేనప్పుడు ఫోన్లో "సరే చిన్నాయనా, నీ ఇష్టం" అన్నాను. అది కూడా రాయాలి కదా.

(అన్నట్టు, మా ఊళ్ళో అప్పుడప్పుడు ఏదో ఒక వేపచెట్టుకు తెల్లటి రసం కారుతుంది. వెంటనే పసుపు కుంకుమ, చీర, టెంకాయలు. ఈతచెట్టు ప్రతి చలికాలం కారుతుంది, దానికి ఒక్క టెంకాయ కూడా కొట్టరు.)

ఇంతకీ చేసిందేమిటంటే, టీములో నలుగురం కలిసి మామ దగ్గర ఆరు చెట్లు సీజనుకు మాట్లాడుకున్నాం. డబ్బు ముందే ఇచ్చాం, రేటు మామే చెప్పాడు, బేరం ఆడలేదు (ఒకడు ఆడబోయాడు, కాలు తొక్కాను). మిగతా చెట్లు మామ కల్లుకే, ఆ ఐదుగురు ముసలివాళ్ళ కోసం. కాచేది మామ భార్య, ఆమెకు కూలి వేరే. నేను కాచిన దానికంటే ఆమెది తేటగా ఉంది. నురగ తీసే ఓపిక నాకు లేదు, ఆమెకు ఉంది. శివరాత్రి దాకా పదకొండు సీసాలు వచ్చాయి. అందులో ఒకటి సరిగా దగ్గరపడక ముందే దించింది, హైదరాబాదులో మావాడి వంటింట్లో మూత ఎగిరి సీలింగుకు తగిలింది. వాడు ఇంకా ఆ మరక ఫొటో పంపుతూనే ఉన్నాడు.

డబ్బు లెక్క చూస్తే మాకు సీసా మేపుల్‌కు దగ్గరగానే పడింది. అంటే నా మొదటి ఎక్సెల్‌లో కనిపించిన లాభం నిజంగా ఎవరి జేబులోంచి వచ్చేదో ఇప్పుడు అర్థమైంది.

వచ్చే ఏడుకు ఇంకో ఆరుగురు అడుగుతున్నారు. మామ మాత్రం పది చెట్లకు మించి ఒప్పుకోలేదు. "మోకాళ్ళు పోతాండాయి అల్లుడా, ఇంకా రెండేండ్లు ఎక్కుతానేమో" అన్నాడు. మొబైల్ షాపు అబ్బాయి ఈసారి పక్కనే నిలబడి విన్నాడు. సీజనుకు చెట్టుకు ఎంత ఇచ్చామని నన్ను విడిగా అడిగాడు. చెప్పాను. ఏమీ అనలేదు.

కార్తీకంలో ఊరికి పోవాలి. ముందు కొత్త కుండలు కొనాలంట, పాతవి పగిలిపోయాయట.